సొంతిల్లు లేని వాదం

మామయ్య గుంటూరులో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, మొగ్గు వామపక్షం వైపు. మేనకోడలు టొరంటోలో వలస, పౌరసత్వం కేసులు చూసే లాయరు. కెనడా తన రాజ్యాంగంలోకి ఎక్కించుకున్న బహుళసంస్కృతి వాదం (మల్టీకల్చరలిజం) అసలు ఒక భావజాలమేనా అన్న దగ్గర ఇద్దరికీ పేచీ.

మామయ్య: ఒక మాట ముందే చెప్పేస్తానమ్మా. మల్టీకల్చరలిజాన్ని మీరంతా భావజాలం అంటారు, నేనొప్పుకోను. ఉదారవాదానికి, సామ్యవాదానికి, సంప్రదాయవాదానికి సొంత జవాబులున్నాయి. మనిషంటే ఎవరు, రాజ్యం దేనికి, ఆస్తి ఎవరిది అని అడిగితే తడుముకోకుండా చెబుతాయి. దీన్ని అడిగి చూడు, ఏమీ చెప్పదు. ఇది అద్దెకుండే వాదం. ఏ ఇంట్లో దిగితే ఆ ఇంటి యజమాని పద్ధతే దీని పద్ధతి.

మేనకోడలు: ఇది చెప్పిన మాట మాత్రం ఇంకెవరూ చెప్పలేదు మామయ్యా. 1971 అక్టోబరు 8న ప్రధాని పియెర్ ట్రూడో పార్లమెంటులో లేచి, ఈ దేశానికి అధికార భాషలు రెండుంటాయి గాని అధికార సంస్కృతి అంటూ ఉండదని ప్రకటించాడు. ఫలానా వాళ్ల పద్ధతే దేశం పద్ధతి, మిగతావాళ్లు అందులో కలిసిపోవాలి అనే మాటని ఒక ప్రభుత్వం తనంతట తాను వదులుకుంది. అది చిన్న సంగతా?

మామయ్య: దాని పుట్టుక కూడా చెప్పు మరి. 1960ల్లో క్యూబెక్‌లో ఫ్రెంచి జాతీయవాదం రాజుకుంది. 1963లో ప్రధాని పియర్సన్ ప్రభుత్వం ద్విభాషా, ద్విసంస్కృతి కమిషన్ వేసింది. ఇంగ్లిషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ కలిసి కట్టుకున్న దేశమిది అన్నది ఆ కమిషన్ పల్లవి. ట్రూడోకి క్యూబెక్ జాతీయవాదం పొడ గిట్టదు. సంస్కృతులు రెండే అని ఒప్పుకుంటే క్యూబెక్ వచ్చి సగం వాటా అడుగుతుంది. అందుకని రెండు కాదు, బోలెడున్నాయి అన్నాడు. వాటాదారులు పెరిగితే ఒక్కొక్కడి వాటా తగ్గుతుంది కదా. రెనే లెవెక్ లాంటి క్యూబెక్ నాయకులకి ఆ కిటుకు తెలియకపోలేదు.

మేనకోడలు: నువ్వు చెప్పింది సగం కథ. ఆ కమిషన్ ఊరూరా తిరుగుతుంటే పశ్చిమ మైదానాల్లో గోధుమ పండించిన ఉక్రెయినియన్లు అడ్డం తగిలారు. ఇంగ్లిషువాళ్లమూ కాము, ఫ్రెంచివాళ్లమూ కాము, మరి మేమెవరం అన్నారు. 1964లో సెనేటర్ పాల్ యూజిక్ ఇదే వాదన సెనేట్‌లో వినిపించాడు. చివరికి కమిషన్ తన నివేదికలో నాలుగో సంపుటం మొత్తం ఆ మిగతా జాతులవాళ్ల గురించే రాయాల్సొచ్చింది. లెక్క ట్రూడోది కావచ్చు, అడిగింది మాత్రం కిందివాళ్లు. అంతకుముందు ఈ దేశం ఎలా ఉండేదో మనవాళ్లకి తెలుసు. 1914లో కోమగాట మారు ఓడలో 376 మంది వస్తే వాంకూవర్ రేవులో రెండు నెలలు నిలబెట్టి దాదాపు అందరినీ వెనక్కి తోలారు. అప్పటి నిబంధనలో రంగు మాట లేదు. సొంత దేశం నుంచి ఆగకుండా ఒకే ప్రయాణంలో రావాలి అని మాత్రమే ఉంది. ఇండియా నుంచి అలా రావడం కుదరదని తెలిసే రాశారు.

మామయ్య: ఆ తలుపు తెరిచింది 1971 కాదు తల్లీ, 1967. ఆ ఏడాది పాయింట్ల పద్ధతి పెట్టారు. చదువు చూడు, భాష చూడు, పని నేర్పు చూడు, పుట్టుక చూడకు. అది పక్కా ఉదారవాదం. ఇక్కడ నువ్వు నల్లకోటు వేసుకున్నావంటే దాని చలవే. సంస్కృతుల ఊసు లేకుండానే ఆ పని జరిగింది.

మేనకోడలు: తలుపు తీయడం ఒకటి, లోపలికొచ్చినవాడికి చోటివ్వడం ఇంకొకటి. 1906లో ఇక్కడ ఆదివారం చట్టం చేశారు. ఆ రోజు దుకాణం తెరిస్తే నేరం. చట్టం అందరికీ ఒకటే, యూదుడికీ అంతే, ముస్లింకీ అంతే. కానీ యూదుడు శనివారం తన మతం కోసం, ఆదివారం పక్కవాడి మతం కోసం దుకాణం మూసుకోవాలి. 1985లో గాని సుప్రీంకోర్టు దాన్ని కొట్టెయ్యలేదు. ఎవరి పక్షమూ వహించని రాజ్యం ఉంటుందని మీ ఉదారవాదులు చెబుతారు. సెలవుల పట్టికలో, కోర్టు భాషలో, బడి పాఠంలో మెజారిటీ సంస్కృతి ముందే కూర్చునుంటుంది. అది వాళ్లకి కనపడదు, అలవాటైపోయి.

మామయ్య: గుంటూరువాడిగా నాకు మాత్రం ఎందుకు కనపడదు?

మేనకోడలు: నువ్వే అన్నావు కాబట్టి అడుగుతాను. తెలుగువాళ్లమంతా ఒకటే అని 1956లో కలిపారు. ఆ ఒకటిలో పాఠ్యపుస్తకం భాష ఎవరిది? సినిమాలో హీరో యాస ఎవరిది, హాస్యగాడి యాస, రౌడీ యాస ఎవరిది? తెలంగాణవాళ్లు విడిపోతామంటే ఒకే భాష కదా, ఇంకేం కావాలి అని కోస్తావాళ్లు నిజంగానే ఆశ్చర్యపోయారు. 2014లో కొత్త రాష్ట్రం రాగానే బతుకమ్మని రాష్ట్ర పండుగ చేసుకున్నారు. నీళ్లు, నిధులు, ఉద్యోగాలు అన్నారు నిజమే, కానీ ఆ కోపానికి గొంతు యాస దగ్గర నుంచి వచ్చింది.

మామయ్య: బాగా తగిలించావు. సరే, నీ పక్షాన గట్టిగా రాసినవాడు విల్ కిమ్లికా. 1995 నాటి అతని పుస్తకంలో ఏముంది? మనిషి తన బతుకుని ఎంచుకోవాలంటే ఎదుట కొన్ని దారులుండాలి, ఆ దారుల్ని చూపించేది సంస్కృతి, కాబట్టి మైనారిటీ సంస్కృతిని కాపాడాలి అంటాడు. బయట నుంచి వచ్చే ఒత్తిడి నుంచి సమూహానికి రక్షణ ఇవ్వొచ్చు గాని, లోపలివాళ్ల నోరు నొక్కే అధికారం ఇవ్వకూడదు అని గీత కూడా గీశాడు. చక్కటి గీత. కానీ అది గీసింది ఎవరు? ఉదారవాదం. యజమాని మంచివాడు గనక ఇల్లు శుభ్రంగా ఉంది. యజమాని మారితే?

మేనకోడలు: మారితే ఏమవుతుంది?

మామయ్య: దక్షిణాఫ్రికా అవుతుంది. అక్కడి తెల్ల ప్రభుత్వం తన విధానానికి పెట్టుకున్న ముద్దుపేరు వేరువేరు అభివృద్ధి. ఒక్కో తెగకి ఒక్కో సంస్కృతి, బంటూస్థాన్ అని ఒక్కో నేల. 1953 బంటూ విద్యా చట్టం కింద నల్లపిల్లలకి చిన్న తరగతుల్లో మాతృభాషలోనే చదువు. వినడానికి ఎంత బాగుంది! ఆ చదువు వాళ్లని కూలిపని దాటి పైకి రానివ్వదు, అంతే. ఇక ఫ్రాన్సులో అలెన్ ద బెనువా వంటి కొత్త మితవాదులు జాతి హెచ్చుతగ్గుల మాట మానేసి, ఎవరికైనా భిన్నంగా ఉండే హక్కుంది అనడం నేర్చారు. అందులోంచి తేలేదేమిటంటే, మీరు మీ దేశంలో భిన్నంగా ఉండండి, మేము మా దేశంలో ఉంటాం. నువ్వు వాడే మాటలే. ఒక్కటీ మార్చలేదు.

మేనకోడలు: మాటలు అవే, వాక్యంలో రెండో సగం లేదు. దక్షిణాఫ్రికాలో నల్లవాడికి ఓటు లేదు, ఏ తెగలో ఉంటావని అతన్ని అడిగినవాడు లేడు, బయటికి రావడానికి దారి లేదు. కెనడాలో 1988లో చేసిన చట్టం చూడు. సంస్కృతిని నిలుపుకోవచ్చు అన్నదాంతో పాటు, దేశ జీవితంలో అందరూ సమానంగా పాల్గొనాలి, అందుకు అడ్డొచ్చేవి తొలగించాలి అని రాసుంది. ఆ రెండూ కలిపితేనే మల్టీకల్చరలిజం. ఒకటి తీసేస్తే బంటూస్థాన్, ఇంకొకటి తీసేస్తే రెసిడెన్షియల్ స్కూలు.

మామయ్య: రెసిడెన్షియల్ స్కూలు నా వైపు తోస్తావా?

మేనకోడలు: తోస్తాను. అందరూ ఒకటే, అందరికీ ఒకే పద్ధతి అన్నదాని చరిత్ర ఈ దేశంలో అదే. లక్షన్నర మంది ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయి చర్చిలు నడిపే హాస్టల్ బడుల్లో పెట్టారు. తమ భాష మాట్లాడితే కొట్టారు. అదంతా పాతకాలం క్రూరత్వం అంటావా, 1969కి రా. అదే ట్రూడో, 1971కి రెండేళ్ల ముందు, ఒక శ్వేతపత్రం తెచ్చాడు. ఆదివాసులకి ప్రత్యేక హోదా ఎందుకు, ఒప్పందాలు ఎందుకు, అందరితో పాటు మామూలు పౌరులు కండి అన్నాడు. నువ్వు చెప్పే సమానత్వమే అది, కల్తీ లేనిది. హెరాల్డ్ కార్డినల్ అనే క్రీ యువకుడు దాని మీద పుస్తకమే రాశాడు. ఆదివాసులంతా ఎదురు తిరిగితే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. నేల పోగొట్టుకున్నవాడికి సమానత్వం ఇస్తామంటే, పోయిన నేల మాటేమిటి అని అడగడా?

మామయ్య: అడుగుతాడు. కానీ నువ్వే చెప్పావు, అడిగింది నేల గురించి. నా గొడవంతా అక్కడే. మల్టీకల్చరలిజం నేల అడిగినవాడికి పండుగ ఇస్తుంది. దీపావళికి మంత్రి కుర్తా వేసుకుని గుడికొస్తాడు, వైశాఖికి తలకి గుడ్డ కడతాడు. అదే గుడి బయట హైదరాబాదులో వైద్యం చేసొచ్చినవాడు టాక్సీ నడుపుతుంటాడు. ఇక్కడ లైసెన్సు దొరకదు మరి. ఇది అన్ని పార్టీలకీ ఎందుకు నచ్చిందో చూశావా? 1971లో లిబరల్స్ తెచ్చారు, 1988లో చట్టం చేసింది ముల్రోనీ కన్జర్వేటివ్ ప్రభుత్వం. ఆస్ట్రేలియాలో 1973లో లేబర్ మొదలుపెడితే, 1978 తర్వాత దాన్ని నిలబెట్టింది ఫ్రేజర్ మితవాద ప్రభుత్వం. పెట్టుబడిదారుడికి ఇందులో నష్టం లేదు, ప్రకటనలో నాలుగు రంగుల ముఖాలు పెడితే సరిపోతుంది. తత్వవేత్త నాన్సీ ఫ్రేజర్ 1995లోనే హెచ్చరించింది, గుర్తింపు కోసం పోరాటం పంపకం కోసం పోరాటాన్ని పక్కకి నెట్టేస్తోందని. బ్రయన్ బారీ 2001లో ఇంకా ఘాటుగా రాశాడు.

మేనకోడలు: టాక్సీ డాక్టరు సంగతి నాకు నువ్వు చెప్పాలా? అతన్ని ఆపింది గుడి పండుగ కాదు, ఇక్కడి వృత్తి సంఘాల కాపలా. బయటి చదువుని చదువుగా ఒప్పుకోకపోవడం అతని జీతం మీద దెబ్బ. అక్కడ గుర్తింపూ పంపకమూ ఒకే సమస్య. ఇంకో సంగతి. ఇక్కడి హక్కుల ఛార్టర్ 14వ సెక్షన్ ప్రకారం కోర్టు భాష రానివాడికి దుబాసీని పెట్టాలి. తెలుగు తప్ప ఇంకేదీ రాని తల్లి ఆ గదిలో తన మాట తన భాషలో చెబితే తీర్పు మారిపోవడం నేను చూశాను. ఆమెకి అది పండుగ కాదు, పిల్లాడు తన దగ్గరుంటాడా లేదా అన్న సంగతి.

మామయ్య: ఆ తల్లి దగ్గరే ఆగుదాం. కోర్టుకి రావద్దు, మన కులపెద్దల దగ్గరో మతపెద్దల దగ్గరో తేల్చుకో అంటే ఏంచేస్తుంది? సూజన్ మోలర్ ఓకిన్ 1997లో వేసిన ప్రశ్న ఇదే, మల్టీకల్చరలిజం ఆడవాళ్లకి చెరుపు చేస్తుందా అని. సంస్కృతి అని మనం కాపాడేదాంట్లో సగం పెళ్లి, విడాకులు, ఆస్తి, ఆడపిల్ల నడవడి. వాటి మీద పెత్తనం మగవాళ్లది. మన దేశంలో 1985లో విడాకులైన ముస్లిం స్త్రీ షాబానోకి సుప్రీంకోర్టు భరణం ఇప్పిస్తే, మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం చేసి దాన్ని పలచన చేసింది. ఎవరిని అడిగి చేసింది? మతపెద్దల్ని. షాబానోని కాదు.

మేనకోడలు: మా ఒంటారియోలో అదే ప్రశ్న వచ్చింది, జవాబు వేరే వచ్చింది. 1991 నాటి మధ్యవర్తిత్వ చట్టం కింద యూదు మత న్యాయస్థానాలు కుటుంబ తగాదాలు తీర్చేవి. 2003లో కొందరు ముస్లిం పెద్దలు మాకూ షరియా ప్రకారం కావాలన్నారు. ప్రభుత్వం అడిగితే, జాగ్రత్తలతో ఒప్పుకోవచ్చని మారియన్ బోయ్డ్ నివేదిక ఇచ్చింది. దాన్ని ఎదిరించినవాళ్లలో ముందున్నది ముస్లిం స్త్రీలే. 2005 సెప్టెంబరులో ప్రీమియర్ మెగింటీ, కుటుంబ విషయాల్లో ఏ మతం మధ్యవర్తిత్వమూ చెల్లదన్నాడు. ఒక్క ముస్లింలకే కాదు, యూదులకీ అంతే.

మామయ్య: శభాష్. ఆ రోజు గెలిచింది నా వాదం కదా. అందరికీ ఒకే చట్టం.

మేనకోడలు: ఆగు, గెలుపు పూర్తి కాలేదు. అదే ఒంటారియోలో క్యాథలిక్ బడులకి ప్రభుత్వం ఈరోజుకీ పూర్తి ఖర్చు ఇస్తుంది. 1867 నాటి ఒడంబడిక అది. యూదు బడికీ, ముస్లిం బడికీ పైసా లేదు. ఇది వివక్షేనని 1999లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ తేల్చింది. 2007 ఎన్నికల్లో కన్జర్వేటివ్ నాయకుడు జాన్ టోరీ అన్ని మతాల బడులకీ ఇస్తానని వాగ్దానం చేస్తే చిత్తుగా ఓడించారు. ముందొచ్చినవాడికి దక్కితే అది చరిత్ర, తర్వాతొచ్చినవాడు అడిగితే అది మతతత్వం. మీ ఒకే చట్టం ఆ గడప దగ్గరే ఆగిపోతుంది.

మామయ్య: ఆగకూడదు. ఆ డబ్బూ ఆపెయ్యాలి అంటాను నేను. క్యూబెక్ చేసింది అదే కదా, 1990ల చివర్లో క్యాథలిక్, ప్రొటెస్టెంట్ బడిబోర్డులు తీసేసి భాషని బట్టి పెట్టుకుంది. నాకు క్యూబెక్ మీద జాలి కూడా ఉంది. ఇంగ్లిషు సముద్రంలో ఫ్రెంచి దీవి. 1977లో చట్టం చేసి వలస పిల్లల్ని ఫ్రెంచి బళ్లలోకి పంపకపోతే ఈపాటికి వాళ్ల భాష వంటింటికి పరిమితమయ్యేది. తెలుగుని ఇంగ్లిషు మీడియం ఎలా మింగుతోందో చూస్తున్నవాడికి ఆ భయం అర్థమవుతుంది.

మేనకోడలు: భాష దాకా నేనూ వాళ్లవైపే. ఫ్రెంచి నేర్చుకుంటే వచ్చినవాడు లోపలివాడవుతాడు. తల మీద గుడ్డ సంగతి అలా కాదు. 2019 జూన్‌లో 21వ నంబరు బిల్లు తెచ్చి, టీచర్లు, పోలీసులు, ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు ఉద్యోగంలో మతచిహ్నాలు పెట్టుకోకూడదన్నారు. కోర్టు కొట్టెయ్యకుండా ఛార్టర్‌ని పక్కనపెట్టే నిబంధన వాడుకున్నారు. సిలువని చొక్కా లోపల దాచుకోవచ్చు, తలపాగాని ఎక్కడ దాస్తాడు? వాళ్ల లౌకికత్వం ఎంత స్వచ్ఛమో విను. శాసనసభలో స్పీకరు కుర్చీ మీద 1936 నుంచి సిలువ ఉండేది. 2008లో ప్రభుత్వమే వేసిన బుషార్, టేలర్ కమిషన్ దాన్ని తీసెయ్యమంటే, ఉంచాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అది మతం కాదట, వారసత్వమట. తీసింది 2019లో, ఈ బిల్లు పాసయ్యాక.

మామయ్య: సిలువ విషయంలో నీకు మార్కులిస్తాను. ఇప్పుడు మన ఇంటికొద్దాం. సంస్కృతి తరఫున మాట్లాడేది ఎవరు? ప్రభుత్వం మీ హిందూ సమాజం నుంచి ఒకరిని పిలవండి అంటే ఎవరొస్తారు? సంఘం అధ్యక్షుడు. అతని కులం ఏమిటో అడగనక్కర్లేదు, తెలుగు సంఘాలు ఏ గీతల వెంట చీలాయో మనకి తెలియనిదా! 2023 మార్చిలో మీ టొరంటో బడిబోర్డు, బళ్లలో కులవివక్ష మీద ఏంచెయ్యాలో చెప్పమని మానవ హక్కుల కమిషన్‌ని అడగాలని తీర్మానించింది. అప్పుడు కొన్ని హిందూ సంఘాలు ఏమన్నాయి? ఇది మా మైనారిటీ సంస్కృతి మీద దాడి, మా పిల్లల్ని వేలెత్తి చూపిస్తారు అన్నాయి. చూశావా, నీ వాదం నేర్పిన భాషలోనే మాట్లాడారు. ఊళ్లో పైన కూర్చున్నవాడు ఓడ దిగ్గానే మైనారిటీ అయిపోయాడు. అతని కింద ఉన్నవాడు ఏమైనట్టు?

మేనకోడలు: అక్కడ నా దగ్గర తేలిక జవాబు లేదు. కానీ ఆ తీర్మానం కోరినవాళ్లలోనూ వలసవచ్చిన దళితులున్నారు. సంస్కృతి లోపలివాళ్లే దాన్ని ప్రశ్నించారు. ఆదివాసుల్లోనూ అలాగే జరిగింది. ఆదివాసి కానివాళ్లని పెళ్లాడితే ఆడదాని హోదా పోతుంది, మగవాడికి పోదు అని ఇక్కడి ఆదివాసులకి వర్తించే పాత ఇండియన్ యాక్ట్‌లో ఉండేది. సాండ్రా లవ్‌లేస్ అనే మాలిసీట్ స్త్రీ ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లి 1981లో గెలిచింది, 1985లో చట్టం మారింది. ఆమె తెగని వదులుకోలేదు. తెగలోకి తిరిగి రావడానికే పోరాడింది. సంస్కృతి కావాలి, అందులో సమానత్వమూ కావాలి అనేవాళ్లకి నీ వాదం ఏమిస్తుంది? ఏదో ఒకటి ఎంచుకోమంటుంది.

మామయ్య: అంబేడ్కర్ అలా అనలేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో, ఈ ముసాయిదా గ్రామాన్ని కాదని వ్యక్తిని యూనిట్‌గా తీసుకుందని సంతోషించాడు. ఆ రాజ్యాంగంలోనే 29, 30 అధికరణాలు మైనారిటీల భాషకీ బడికీ రక్షణ ఇచ్చాయి. అంతకుముందే 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి కూర్చుంది. సమూహానికి హక్కు, సమూహం లోపలివాడికి అంతకంటే ముందు హక్కు. ఆ వరుస ముఖ్యం.

మేనకోడలు: మా ఛార్టర్‌లో వరుస చెప్పనా? 27వ సెక్షన్, ఈ హక్కుల్ని దేశపు బహుళసంస్కృతి వారసత్వానికి అనుగుణంగా అర్థం చేసుకోవాలంటుంది. దాని పక్కనే 28, ఇందులో ఏముందన్నదాంతో పనిలేకుండా ఆడవాళ్లకీ మగవాళ్లకీ హక్కులు సమానం అంటుంది. ఆ పక్కనే 29, మతబడుల పాత హక్కులకి ఢోకా లేదంటుంది. మూడు భావజాలాలు మూడు పక్క ఇళ్లలో కాపురం పెట్టాయి. నీ లెక్కలో అది అద్దెకున్నవాడి బలహీనత. నా లెక్కలో ప్రజాస్వామ్యం నడిచే తీరే అది.

మామయ్య: 28 ఊరికే రాలేదు కదా. 1981లో ఆడవాళ్లు ఒట్టావా చేరి గొడవ చేస్తే వచ్చింది. 27 వస్తే దాని నీడన మతపెద్దలు ఏంచేస్తారో వాళ్లు ముందే ఊహించారు. కులానికి అలాంటి సెక్షన్ ఏదీ?

మేనకోడలు: సెక్షన్ లేదు. 2023 అక్టోబరులో ఒంటారియో మానవ హక్కుల కమిషన్, వంశం, మతం, జాతి లాంటి మాటల కింద కులవివక్ష కూడా వస్తుందని చెప్పింది.

మామయ్య: అది వ్యాఖ్యానం. ఇవాళ ఒకరు అలా చదివారు, రేపు ఇంకొకరు ఇంకోలా చదువుతారు. అంబేడ్కర్ 17ని వ్యాఖ్యానానికి వదల్లేదు, పేరు పెట్టి రాయించాడు. 27ని దళితుడూ పట్టుకుంటాడు, సంఘం అధ్యక్షుడూ పట్టుకుంటాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో 27 చెప్పలేదు, దానికి సొంత తూకం లేదు. మొదట్నుంచీ నేననేది అదే.

మేనకోడలు: తూకం వేరే చోట నుంచి రావాలి, ఒప్పుకుంటాను. కులం పేరు పెట్టి రాయాలన్నదీ ఒప్పుకుంటాను. కానీ ఆ సంస్కృతితో ఈ దేశానికి సంబంధం ఉందని ముందు ఒప్పుకున్నారు గనకే బోర్డు ముందుకి ఆ ప్రశ్న వచ్చింది. లేకపోతే, మీ ఊరి గొడవలు మీ ఊళ్లో తేల్చుకోండి అని ఆ తీర్మానం కోరిన దళితుల్ని గేటు దగ్గరే పంపించేసేవాళ్లు. 28 కావాలన్న ఆడవాళ్లు కూడా 27ని తీసెయ్యమనలేదు మామయ్యా, దాని పక్కన ఇంకోటి రాయమన్నారు.